నుదురు చదివేవాళ్లు, ముక్కు కొలిచేవాళ్లు

మా దొడ్డమ్మ పెళ్లిచూపులకు వెళ్తే ముందు చూసేది పిల్ల నుదురే. పదిహేనేళ్ల కిందట మా అన్నయ్య కోసం అంబాజీపేట దగ్గర ఒక ఊరికి వెళ్లాం. పిల్ల వచ్చి చాప మీద కూర్చోగానే దొడ్డమ్మ నా చెవిలో, "నుదురు మరీ వెడల్పురా, మొండిఘటం అవుద్ది" అంది. కాఫీలయ్యాక మాటల్లో మాటగా, పిల్ల పేరున రెండెకరాల కొబ్బరితోట ఉందని తెలిసింది. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో మళ్లీ ఆ నుదురు సంగతే. ఈసారి, "లక్ష్మీకళ ఉట్టిపడతా ఉంది, చూశావా?" అంది. ఆ పిల్లే మా వదిన అయింది.

ఇంట్లో ఇది నవ్వుకునే కథ. యూరప్‌లో మాత్రం మా దొడ్డమ్మ పద్ధతికే కొలబద్ద తగిలించి, దాన్ని సైన్సు అన్నారు.

1770ల్లో స్విట్జర్లాండ్‌లో లావాటర్ అనే మతబోధకుడు ముఖకవళికల మీద పెద్ద పెద్ద సంపుటాలు రాశాడు. వాటి ప్రభావం ఎంతదంటే, 1831లో బీగిల్ ఓడ కెప్టెన్ ఫిట్జ్‌రాయ్, డార్విన్ ముక్కు చూసి ఇతనికి ప్రయాణానికి కావాల్సిన పట్టుదల ఉండదేమోనని సందేహించాడట. ఈ సంగతి డార్వినే తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. లావాటర్ తర్వాత వియన్నాలో ఫ్రాంజ్ జోసెఫ్ గాల్ అనే డాక్టరు ముఖాన్ని వదిలి పుర్రె పట్టుకున్నాడు. మనసుకు 27 శక్తులున్నాయని, ఒక్కోదానికి మెదడులో ఒక్కో చోటుందని, ఏది ఎక్కువైతే పుర్రె అక్కడ ఉబ్బుతుందని చెప్పాడు. మెదడులో వేర్వేరు భాగాలకు వేర్వేరు పనులుంటాయన్నంత వరకు ఆయన దారి మంచిదే. తల తడిమి గుణం చెప్పొచ్చన్న దగ్గరే బోల్తా పడ్డాడు. ఈ పిచ్చి ఎంత ముదిరిందంటే, 1809లో సంగీతకారుడు హైడెన్ చనిపోతే, ఆయన సంగీతం తలలో ఏ మూల ఉందో చూద్దామని సమాధి తవ్వి తల ఎత్తుకుపోయారు. అది మళ్లీ మొండేన్ని చేరింది 1954లో.

ఈ విద్య గుట్టును సరదాగా బయటపెట్టినవాడు ఒక హాస్య రచయిత. 1870ల్లో మార్క్ ట్వైన్ లండన్‌లో ఫౌలర్ అనే పుర్రె పండితుడి దగ్గరికి మారుపేరుతో వెళ్లాడు. హాస్యం ఉండాల్సిన చోట ఈయన తలకు గుంట ఉందన్నాడు ఫౌలర్. కొన్ని నెలలాగి సొంత పేరుతో వెళ్తే, ఆ గుంట ఎవరెస్టు శిఖరం అయిపోయింది. తల అదే, మారింది పేరు. కొబ్బరితోట సంగతి తెలిశాక మా వదిన నుదురు మారినట్టే.

మనవాళ్లు "పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి" అని ఊరుకున్నారు. ఏ పుర్రెకు ఏ బుద్ధో పట్టిక వేయలేదు. అలాగని మరీ మురిసిపోనక్కర్లేదు. ఒంటి గుర్తులు చూసి గుణం, జాతకం చెప్పే సాముద్రికం మనదే, "పొట్టివాడికి పుట్టెడు బుద్ధులు", "ఆకారపుష్టి నైవేద్యనష్టి" కూడా మనవే. కాకినాడ పక్కన మాధవపట్నం తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడు, బంగారక్క తెర మీదికి రాగానే, నోరు విప్పకముందే జనం నవ్వుతారు. అది ఆటకు సరిపోతుంది. మేకతోలు మీద ఆ ముఖం గీసి కత్తిరించినవాడే దానికి గుణం కూడా పెట్టాడు. మనిషి విషయంలో ఆ వీల్లేదు. అయినా మన సినిమాలు చాలాకాలం చెంప మీద గాటు, గళ్ల లుంగీ చూపించి విలన్‌ను పోల్చుకోమన్నాయి.

ఇక్కడిదాకా ఇదంతా కాలక్షేపం. కొలబద్ద ప్రభుత్వం చేతికి వచ్చాక ఆ కాలక్షేపం కాస్తా కొరివి అయింది. 1901 జనగణన కమిషనర్ హెర్బర్ట్ రిజ్లీ ముక్కు వెడల్పును ఎత్తుతో భాగించి, వందతో హెచ్చవేసి, దాన్నిబట్టి కులాల హెచ్చుతగ్గులు తేల్చొచ్చన్నాడు. ముక్కు వెడల్పయ్యే కొద్దీ అంతస్తు తగ్గుతుందన్నది ఆయన లెక్క. ఎవరి అంతస్తు ఎంతో ముందే అనుకుని కూర్చున్నవాడికి ముక్కులు సాక్ష్యం చెప్పకపోతాయా? గోదావరి జిల్లా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గార్ థర్‌స్టన్ కొలత పరికరాలు పట్టుకుని ఊరూరా తిరిగి, దక్షిణాది కులాలు, తెగల మీద 1909లో ఏడు సంపుటాలు తెచ్చాడు. వాటి ముందుమాటలో ఆయనే రాసిన రెండు సంగతులు నాకు ఆ ఏడు సంపుటాల కన్నా విలువైనవి. వయనాడ్‌లో పణియ తెగ ఆడవాళ్లు, తమలో మంచివాళ్లను ఏరి గడ్డి కూరి మ్యూజియంలో పెడతాడని భయపడ్డారట. నీలగిరిలో ఇరుళ తెగ మనిషి ఒకడు, ఎత్తు కొలిచే కర్రను ఉరికొయ్య అనుకుని దాని కింద నిలబడనన్నాడట. వాళ్లకు మానవశాస్త్రం రాకపోవచ్చు, తమను కొలిచేదెవరో మాత్రం బాగా తెలుసు.

ఆ కొలతలను వాటి మీదికే తిప్పినవాడు అంబేడ్కర్. అంటరానివాళ్లు వేరే జాతివాళ్లన్న వాదాన్ని 1948లో తన పుస్తకంలో ఆ ముక్కు లెక్కలతోనే ఖండించాడు. ఈ కొలతల శాస్త్రం నమ్మదగిందే అయితే బ్రాహ్మణులు, అంటరానివాళ్లు ఒకే జాతి అని తేలుతుందన్నాడు. కోనసీమ జిల్లాకు ఆయన పేరు పెట్టడం మీద 2022 మేలో అమలాపురంలో ఇళ్లు తగలబడ్డాయి. ఆ రోజు రాళ్లు రువ్వినవాళ్లను, దెబ్బలు తిన్నవాళ్లను ఒకే వరసలో నిలబెడితే ముక్కు చూసి ఎవరు ఎవరో చెప్పగలిగేవాడు ఉంటాడా?

గాల్ పుర్రె లెక్కను 2018లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు దాదాపు 6 వేల మంది ఎంఆర్ఐ స్కాన్‌ల మీద సరదాగా, కానీ పద్ధతిగా పరీక్షించారు. ఏమీ దొరకలేదు. అంతకు రెండేళ్ల ముందే చైనాలో ఇద్దరు పరిశోధకులు, ఫొటో చూసి నేరస్తుణ్ణి కంప్యూటర్ పసిగడుతుందన్నారు. వాళ్లు వాడిన ఫొటోలు 1,856. మిగతా పరిశోధకులు వాటిని చూస్తే, నేరస్తులు కాని వాళ్లలో చాలామంది పెదవుల మీద చిన్న నవ్వు, మెడ దగ్గర తెల్ల కాలర్ కనిపించాయి. అంటే కంప్యూటర్ కూడా చూసింది కొబ్బరితోటనే.

మా అన్నయ్య కూతురికి ఇప్పుడు పదేళ్లు. అచ్చం తల్లి నుదురే వచ్చింది. మొన్న సంక్రాంతికి వెళ్తే, దొడ్డమ్మ దాన్ని అరుగు మీద కూర్చోబెట్టుకుని జుట్టు ముందుకు దువ్వుతోంది. నుదురు సగం కనపడకుండా క్లిప్పు పెట్టింది. ఎందుకు దొడ్డమ్మా అంటే, "ఎందుకైనా మంచిదిరా" అంది.