చలే లేకపోతే యంత్రం ఏం చేస్తుంది?
కొండల మీద మంచు తక్కువ పడినా యంత్రాలతో తయారుచేసి స్కీయింగ్ (మంచు మీద జారే ఆట) నడిపేయొచ్చని వ్యాసంలో రాశారు. అంత సులువు కాదండీ. యంత్రం చిమ్మిన నీటి తుంపర గాల్లోనే గడ్డకట్టాలి. గాలి పొడిగా ఉంటే సున్నా డిగ్రీల దగ్గర కూడా పని జరుగుతుంది, తేమగా ఉంటే ఇంకా బాగా చలి కావాలి. శీతాకాలమే వేడెక్కుతుంటే ఆ చలి ఎక్కణ్ణుంచి తెస్తారు? 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో మంచు పోటీలు దాదాపు మొత్తం కృత్రిమ మంచు మీదే జరిగాయి, నిజమే. కానీ అక్కడ కొరత మంచుకే, చలికి కాదు. బొలీవియాలోని చకాల్తాయా 5,000 మీటర్లకు పైన ఉన్న ఒకప్పటి స్కీ కేంద్రం. 2009 నాటికి అక్కడి హిమానీనదమే మాయమైంది, అంత ఎత్తు కూడా కాపాడలేదు. పైగా తయారీ మంచు గట్టిగా ఉంటుంది. దాని మీద పడితే నడుముకి బాగా గుర్తుంటుంది!