ప్లేటోకూ పైవాళ్ల అనుమతి కావాలా?

అమెరికాలోని టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో ఒక ఫిలాసఫీ ఆచార్యుడు ప్రాచీన గ్రీకు తత్వవేత్త ప్లేటోను పాఠం చెప్పడానికి వీల్లేకపోయింది. మార్టిన్ పీటర్సన్ తన ‘కాంటెంపరరీ మోరల్ ఇష్యూస్’ కోర్సులో ప్లేటో రాసిన ‘సింపోజియం’ నుంచి కొన్ని భాగాలు పెట్టారు. 2026 జనవరిలో, క్లాసులు రేపో మాపో మొదలవుతాయనగా, ఆయనకు మెయిల్ వచ్చింది. జాతి, జెండర్ పాఠాలతో పాటు ప్లేటో భాగాలనూ తీసేయాలి, లేదంటే వేరే కోర్సుకు మారాలి. ఆయన ఆ పాఠాల స్థానంలో భావప్రకటన, విద్యా స్వేచ్ఛల మీద పాఠాలు పెట్టుకోవాల్సి వచ్చింది. పాశ్చాత్య రాజనీతి చింతనకు పునాది వేసినవాడిని తత్వశాస్త్రం క్లాసులోంచే బయటికి పంపడం సిగ్గుచేటు.

దీని వెనక కథ తెలిసిందే. 2025 సెప్టెంబరులో అదే విశ్వవిద్యాలయంలో జెండర్ ప్రస్తావన వచ్చిన బాలసాహిత్యం క్లాసును ఒక విద్యార్థిని ఫోన్లో చిత్రీకరించడం, అది రాజకీయ దుమారం కావడం, అధ్యాపకురాలి ఉద్యోగం పోవడం, ఆ వెంటనే విశ్వవిద్యాలయ అధ్యక్షుడు తప్పుకోవడం చకచకా జరిగిపోయాయి. నవంబరులో విశ్వవిద్యాలయ పాలకమండలి అయిన బోర్డ్ ఆఫ్ రీజెంట్స్ కొత్త నిబంధన తెచ్చింది. జాతి, జెండర్ భావజాలాన్ని ‘సమర్థించే’ పాఠమేదైనా క్యాంపస్ అధ్యక్షుడి ఆమోదం లేకుండా చెప్పకూడదు. రీజెంట్లను నియమించేది రాష్ట్ర గవర్నరు.

ప్రజల పన్నులతో నడిచే విద్యాసంస్థలో ఏం చెబుతున్నారో అడిగే హక్కు ప్రజలకుందన్నది పాలకుల వాదన. అడగవచ్చు. కానీ ప్లేటోను తామేమీ నిషేధించలేదని, ఇతర కోర్సుల్లో ఆయన సంభాషణలు చెబుతూనే ఉన్నామని విశ్వవిద్యాలయం ఇస్తున్న సంజాయిషీ ఇంకా ప్రమాదకరం. ప్లేటోలో ఏ పేజీ చదవాలో, ఏది చదవకూడదో పాలనా కార్యాలయం తేలుస్తుందని అది ఒప్పుకోవడమే కదా.

అసలు ఆ పుస్తకంలో ఏముంది? క్రీ.పూ. 416లో అగథాన్ అనే కవికి విషాద నాటకాల పోటీలో బహుమతి వచ్చింది. ఆ సంబరంలో ఆయన ఇంట్లో చేరిన మిత్రులు ప్రేమ గురించి ఒకరి తర్వాత ఒకరు మాట్లాడతారు. మొత్తం ఏడు ప్రసంగాలు. ఏ ఒక్కటీ మరోదానితో పూర్తిగా కలవదు. హాస్య నాటకకర్త అరిస్టోఫనీస్ తన వంతు రాగానే ఎక్కిళ్లు పట్టుకుని మాట్లాడలేకపోతాడు. పక్కనున్న వైద్యుడు ముందు మాట్లాడతాడు. ఎక్కిళ్లు తగ్గాక అరిస్టోఫనీస్ చెప్పే కథ ఇది. ఒకప్పుడు మనుషులు జంట శరీరాలతో, మూడు రకాలుగా ఉండేవారట. వాళ్ల పొగరు అణచడానికి గ్రీకు దేవతల రాజు జ్యూస్ వాళ్లను రెండుగా కోశాడట. అప్పటినుంచీ ప్రతి సగమూ తన రెండో సగం కోసం వెతుక్కుంటోందట. పురుషుడి సగం పురుషుడిని, స్త్రీ సగం స్త్రీని వెతకడం కూడా ఆ కథలో ఉంది. తర్వాత లేచిన సోక్రటీస్, డయోటిమా అనే స్త్రీ తనకు నేర్పిందంటూ దీన్ని కాదంటాడు. మనిషి వెతికేది తన సగాన్ని కాదు, మంచిని అంటాడు. ఇందులో ఎవరు దేన్ని ‘సమర్థిస్తున్నట్టు’? ఏడుగురిలో రీజెంట్లు పట్టుకున్నది ఎవరిని?

అదే ప్లేటో చివరి రోజుల్లో రాసిన ‘లాస్’లో స్వలింగ సంపర్కం ప్రకృతి విరుద్ధమని ఒక పాత్రతో అనిపించాడు. రెండూ పక్కపక్కన పెట్టి చదివించండి, ఇరవై ఏళ్ల కుర్రాడు తనంతట తనే ఆలోచించడం మొదలుపెడతాడు. లిబరల్ విద్య అంటే ఆ పనే. ఇంకో మాట కూడా చెప్పాలి. సెన్సారును వెనకేసుకొచ్చినవాళ్లలో ప్లేటో మొదటి వరసలోనే ఉంటాడు. ‘రిపబ్లిక్’ మూడో భాగంలో సోక్రటీస్ హోమర్ కావ్యాల్లోంచి ఏ పాదాలు కొట్టేయాలో చెబుతాడు. చచ్చి పాతాళంలో అందరికీ రాజుగా ఉండేకంటే భూమ్మీద ఓ పేదవాడి దగ్గర కూలి చేసుకుని బతకడం మేలన్న వీరుడు అకిలీస్ మాటలు సైనికులకు చావంటే భయం పుట్టిస్తాయని ఆయన అభ్యంతరం. అయితే కొట్టేయమన్న ప్రతి పాదాన్నీ ముందు పైకి చదివి వినిపిస్తాడు, ఎందుకు వద్దో వాదించి ఒప్పిస్తాడు. టెక్సస్ పాలకులకు ఆ పాటి ఓపిక కూడా లేకపోయింది. ఒక్క మెయిల్‌తో సరిపెట్టారు.

మమ్మల్ని అన్నిటికన్నా కలవరపెడుతున్నది ఈ రెండు నాల్కల ధోరణి. విశ్వవిద్యాలయాలు పాశ్చాత్య నాగరికతను మరచిపోయాయని, క్లాసిక్స్ చదవడం మళ్లీ రావాలని ఏళ్లుగా గొంతు చించుకుంటున్నది ఈ కన్జర్వేటివ్ రాజకీయ శిబిరమే. ఆ పేరు చెప్పి ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో స్కూల్ ఆఫ్ సివిక్ లీడర్‌షిప్ పెట్టారు, ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో హామిల్టన్ సెంటర్ తెచ్చారు. క్లాసిక్స్ మీద ఆధారపడ్డ ప్రవేశ పరీక్షను 2023లో ఫ్లోరిడా ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు అంగీకరింపజేశారు. ఆ పనిని మేం తప్పుపట్టడం లేదు, ప్లేటోను ఎంతమంది చదివితే అంత మంచిది. కానీ ఒక చేత్తో ప్లేటో పేరు మీద కోట్ల నిధులు మంజూరు చేసి, రెండో చేత్తో ప్లేటో పాఠాన్ని చింపేస్తే, వీళ్లకు కావలసింది ఆయన పేరే తప్ప చదువు కాదని ఎవరికైనా అర్థమవుతుంది. తరగతి గది మీద ఒకే సిద్ధాంతపు నీడ కమ్మేసే చట్టాలను రాజ్యాంగం సహించదని 1967లోనే అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. అదీ వీళ్లకు పట్టలేదు.

మనం నవ్వుకోవడానికీ లేదు. దిల్లీ విశ్వవిద్యాలయం 2011లో రామాయణ పాఠాంతరాల మీద ఏకే రామానుజన్ వ్యాసాన్ని బీఏ హిస్టరీ సిలబస్ నుంచి తీసేసింది. 2021లో అక్కడే మహాశ్వేతాదేవి ‘ద్రౌపది’ కథ, దళిత రచయిత్రులు బామ, సుకీర్తరాణిల రచనలు పోయాయి. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలోంచి ప్రజా ఉద్యమాలు, ప్రజాస్వామ్యానికి సవాళ్లు అనే అధ్యాయాలే ఎగిరిపోయాయి. ఆ పుస్తకాల సలహాదారులు సుహాస్ పల్షీకర్, యోగేంద్ర యాదవ్ తమ పేర్లు తీసేయమని కోరాల్సి వచ్చింది. ఇదంతా జరుగుతున్నప్పుడే ‘భారతీయ జ్ఞాన సంప్రదాయం’ గురించి సభల్లో ఊదరగొట్టారు. ఆ సంప్రదాయంలో పూర్వపక్షం, అంటే ఎదుటివాడి వాదన, ముందు చెప్పకుండా సిద్ధాంతం చెప్పే అలవాటే లేదు. 14వ శతాబ్దపు సర్వదర్శన సంగ్రహం వేదాలను తిట్టిపోసిన చార్వాకులతోనే మొదలవుతుంది. చార్వాకుల వాదం మనకు కాస్తో కూస్తో దక్కిందంటే, వాళ్లను ఖండించినవాళ్లు ఓపిగ్గా రాసిపెట్టబట్టే. అక్కడా ఇక్కడా సంప్రదాయం పేరు వాడుకుంటున్నవాళ్లు సంప్రదాయాన్ని చదవరు, చదవనివ్వరు.

తెలుగు ఇళ్లలో టెక్సస్ విశ్వవిద్యాలయాల పేర్లు బంధువుల పేర్లంత పరిచయం. మన పిల్లలు వెళ్లేది ఎక్కువగా ఇంజినీరింగ్‌కు కాబట్టి ఈ గొడవ మనకెందుకని తల్లిదండ్రులు అనుకుంటే పొరపాటు. ఎంపీసీ, బైపీసీ దాటి మరో చదువు ఉందని కూడా తెలియకుండా ఇక్కడ పెరిగిన పిల్లవాడికి, అలాంటి తొలిస్థాయి కోర్సులోనే మొదటిసారి న్యాయమంటే ఏమిటి, మంచి పౌరుడెవరు అన్న ప్రశ్న ఎదురవుతుంది. ఆ ఒక్క కిటికీ కూడా మూసేస్తున్నారు. ఇవాళ ప్లేటో. ఈ నిబంధన ఇలాగే ఉంటే రేపు గ్రీకు కవయిత్రి సాఫో, ఎల్లుండి షేక్‌స్పియర్. జాబితాకు అంతుండదు, ఎందుకంటే ‘సమర్థించడం’ అంటే ఏమిటో నిర్ణయించే అధికారం చదివినవాళ్ల చేతుల్లో లేదు.

టెక్సస్ ఏ అండ్ ఎం ఆ భాగాలను వెంటనే తిరిగి చేర్చాలి. రీజెంట్లు నిబంధనను ఎత్తేయాలి. అంతకుముందు ఒక లెక్క తేలాలి. ‘సింపోజియం’ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి, ఇది విద్యార్థులకు తగదని నిర్ణయించింది ఎవరో పేరుతో సహా చెప్పాలి. చదవకుండానే కొట్టేశారా? అయితే అదే చెప్పండి. విశ్వవిద్యాలయాన్ని నడిపే యోగ్యత మీకుందో లేదో విద్యార్థులే తేల్చుకుంటారు.