ఎవరి డిఫరెన్షియల్ వారే లాక్ చేసుకోవలెను

దేశం వెనకబడి ఉండటానికి పెద్దలు చాలా కారణాలు చెప్పారు. జనాభా అన్నారు, అవినీతి అన్నారు, వానలు వేళకి పడకపోవడం అన్నారు. ఓపెన్ డిఫరెన్షియల్ అని మాత్రం ఒక్కరూ అనలేదు. ఆ లోటు పూడ్చడానికే ఈ వ్యాసం.

తెలియనివారి కోసం క్లుప్తంగా. బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం నడుస్తుంది, లోపలి చక్రం తక్కువ. మా జీపు వెనక చక్రాల మధ్య ఎడం సుమారు 1.4 మీటర్లు. యూటర్న్ తీసుకున్న ప్రతిసారీ బయటి చక్రం రెండోదానికంటే 4.4 మీటర్లు అదనంగా నడవాలి. చిన్న యూటర్న్ అయినా పెద్దదయినా లెక్క ఒకటే. అనుమానం ఉంటే ఇంట్లో పదో తరగతి చదివే పిల్లల్ని అడగండి. రెండు చక్రాల్నీ ఒకే ఇరుసుకి బిగించేస్తే ఏదో ఒకటి రోడ్డు మీద ఈడ్చుకుంటూ పోవాల్సిందే. ఎడ్లబండికి ఈ బాధ లేదు. దాని ఇరుసు కదలదు, చక్రాలు దేనికవే తిరుగుతాయి. ఇంజను పెట్టి ఇరుసునే తిప్పుదామనుకున్నప్పుడు వచ్చింది చిక్కు. ఫ్రాన్సులో ఒనెసిఫోర్ పెకర్ అనే ఆయన 1828లో తన ఆవిరిబండి కోసం పళ్లచక్రాలతో దానికి విరుగుడు కనిపెట్టి పేటెంటు తీసుకున్నాడు. అదే డిఫరెన్షియల్.

ఇంతవరకు ఆ పెద్దమనిషికి దండం పెట్టవచ్చు. కానీ ఆ పళ్లచక్రాల్లో ఒక దుర్గుణం ఉంది. అవి రెండు చక్రాలకీ బలాన్ని సమానంగా పంచుతాయి. ఎంత సమానంగా అంటే, ఒక చక్రం బురదలో పట్టు దొరక్క పిసరంత బలానికే గిరగిరా తిరిగిపోతుంటే, గట్టి నేల మీద ఉన్న రెండోదానికి కూడా ఆ పిసరే. తిరగడమంతా బురదలోది తిరుగుతుంది, గట్టి నేల మీదిది చేతులు కట్టుకుని చూస్తుంది. ఉమ్మడి కుటుంబంలో పెరిగినవాళ్లకి ఇంతకన్నా విడమరచి చెప్పనక్కర్లేదు.

ఫోర్ వీల్ డ్రైవ్ సంగతి మరీ ఘోరం. ముందు ఇరుసుకో డిఫరెన్షియల్, వెనక ఇరుసుకో డిఫరెన్షియల్. గోతుల్లో ముందు చక్రం ఒకటి, వెనక చక్రం ఒకటి గాల్లోకి లేచాయంటే మిగతా రెండూ సెలవు పెట్టేస్తాయి. నాలుగు చక్రాల మాట చెప్పి రెండింటితో సరిపెట్టడం. పెళ్లికి పిలిచి, విస్తరి వేసి, పులిహోర, పెరుగన్నంతో లేపేసినట్టు.

దీనికి మందు లాకర్. ఇరుసు రెండు సగాల్నీ కలిపి బిగిస్తుంది, పట్టున్న చక్రానికి కావాల్సినంత బలం పోతుంది. ఇందులో చాలా శాఖలున్నాయి. మీట నొక్కితే గాలి ఒత్తిడితో బిగుసుకునేది ఆస్ట్రేలియా సంప్రదాయం. పళ్లచక్రాల్ని శాశ్వతంగా వెల్డింగ్ చేయించేవాళ్లూ ఉన్నారు. అది పూర్వకాలపు పెళ్లిలాంటిది, సర్దుకుపోవడమే తప్ప విడిపోవడం లేదు. కొన్ని థార్ జీపుల్లో అయితే వెనక ఇరుసులో లాకింగ్ డిఫరెన్షియల్ కంపెనీ నుంచే వస్తుంది. "అలాంటిదే కొనుక్కోవచ్చు కదండీ" అంది మా ఆవిడ. కొనుక్కున్నదాంట్లో పురుషార్థం ఏముంది?

నేను ఎంచుకున్నది లంచ్ బాక్స్ లాకర్. క్యారేజీ అంత డబ్బాలో ఇమిడిపోతుంది కాబట్టి ఆ పేరు అంటారు. మధ్యాహ్న భోజనం వేళలో బిగించేయొచ్చు కాబట్టి అని ఇంకొందరి భాష్యం. నాకు ఆ భోజనం ఉగాది నాడు మొదలై శ్రావణమాసం దాకా సాగింది.

సరుకు డల్లాస్ నుంచి మా బావమరిది సూట్‌కేసులో వచ్చింది. వెళ్లేటప్పుడు ఆవకాయ, వచ్చేటప్పుడు ఇనుము. ఆ కుటుంబంతో మా వాణిజ్య సంబంధాలు అలాంటివి. ఎయిర్‌పోర్టులో అతన్ని పక్కకి పిలిచి ఇదేమిటని అడిగారట. "ఇరుసులో పెట్టేదన్నాను బావా. ఎవరి ఇరుసులో అన్నారు. మా అక్క మొగుడి ఇరుసులో అన్నాను. పాపం, ఇంకేమీ అడక్కుండా పంపేశారు."

పనిముట్ల కోసం సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్లాను. టార్క్ రెంచి, ఫీలర్ గేజ్, బేరింగు పుల్లర్, రెండు రకాల రింగు పానాలు. కొట్టువాడు బిల్లు రాస్తూ "ఏ గరాజు సార్?" అన్నాడు. "సొంతానికి" అన్నాను. కలం ఆపి నావైపు చూశాడు. రోగికి చెప్పకుండా బంధువుల్ని బయటికి పిలిచే డాక్టరు చూపు అది. ఆటోనగర్ మేస్త్రీ ఒకాయన ఈ పని ఒక్కరోజులో 6 వేలకి చేసిస్తానన్నాడు. నేను పనిముట్లకి 32 వేలు పెట్టి ఆ 6 వేలూ మిగిల్చాను. ఆర్థిక క్రమశిక్షణ లేనివాళ్లకి ఇది అర్థం కాదు.

మా అపార్ట్‌మెంటు సెల్లార్లో, 204 వారి కారుకీ ట్రాన్స్‌ఫార్మర్ గదికీ మధ్య, జీపు వెనక భాగాన్ని స్టాండ్ల మీదకి లేపి, మంచి రోజు చూసి గేర్ ఆయిల్ డ్రెయిన్ ప్లగ్గు విప్పాను. పళ్లచక్రాలు ఒకదాన్నొకటి అరగదీసుకోకుండా ఈ నూనెలో గంధకం కలిపిన మందు వేస్తారు. ఏళ్ల తరబడి ఇరుసులో మగ్గిన ఆ ద్రవం కుళ్లిన కోడిగుడ్డూ చచ్చిన పందికొక్కూ వియ్యమందితే పుట్టే సంతానంలా ఉంటుంది. సాయంత్రానికి అసోసియేషన్ వాళ్లు సెప్టిక్ ట్యాంకు పగిలిందని మనిషిని పిలిపించారు. అతను మూతలన్నీ తీసి చూసి, చివరికి నా ప్లాస్టిక్ టబ్బు దగ్గరికొచ్చి ఆగి, "సార్, మా పనే నయం" అన్నాడు.

ఇక్కడ ఒక సాంకేతిక రహస్యం చెప్పి తీరాలి. డిఫరెన్షియల్ గూడుని పట్టుకునే బేరింగు క్యాపులు రెండూ చూడ్డానికి కవలల్లా ఉంటాయి. కుడిది ఎడమకి పెట్టారో, కథ మొదటికొస్తుంది. అందుకని విప్పేముందే పంచ్‌తో గుర్తులు కొట్టుకోవాలి. నేను కొట్టాను. ఎడమదానికి ఒక చుక్క, కుడిదానికి రెండు. తీరా బిగించేటప్పుడు బండి ముందు నుంచి చూస్తే ఎడమా, వెనక నుంచి చూస్తే ఎడమా అనే తాత్విక ప్రశ్న ఎదురై మూడు ఆదివారాలు పోయాయి.

తర్వాత స్ప్రింగులు. లోపలున్న పాత పళ్లచక్రాలు తీసేసి, వాటి స్థానంలో లాకర్ ముక్కలు కూర్చాలి. ఆ ముక్కల మధ్య చిట్టి స్ప్రింగులు, పిన్నులు ఉంటాయి. గ్రీజు పూసి, స్క్రూడ్రైవర్‌తో స్ప్రింగుని నొక్కి పట్టుకుని, పిన్ను తోయాలి. ఊపిరి బిగబట్టి తోస్తున్నాను. నుదుటి మీది చెమట చుక్క ముక్కు మీదకి జారింది. తుడుచుకుందామని ముంజేయి ఎత్తానంతే, టింగుమంది. బియ్యపు గింజకంటే కాస్త పెద్దదైన ఆ ముక్క పైకప్పుకి తగిలి, ఎవరి స్కూటరు మీదో పడి, చీకట్లో కలిసిపోయింది. వాచ్‌మన్, ఆయన భార్య, ట్యూషన్ నుంచి వస్తున్న పిల్లలు ఆరుగురు, సెల్‌ఫోన్ లైట్లు వేసుకుని నేలంతా వెతికారు. ఆ వెతుకులాటలో రెండు చెవిపోగులు, 302 వారి పోయిన తాళంచెవి, ఒక క్యారమ్స్ స్ట్రైకరు దొరికాయి. స్ప్రింగు తొమ్మిదో రోజున నా చొక్కా జేబులోనే దొరికింది, ఉతికిన తర్వాత.

చట్టం ఏమంటుందని కొందరు దీర్ఘాలు తీశారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నాకూ తెలుసు. తయారీదారు ఇచ్చిన స్వరూపానికి భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పిన సంగతీ తెలుసు. అదే ఏడాది చేసిన సవరణ ప్రకారం అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5 వేల రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలూ ఉండొచ్చు. స్ప్రింగుకో మార్పు కింద లెక్కకట్టరు కదా అని ఒక వకీలు మిత్రుణ్ణి అడిగాను. అప్పట్నుంచి ఫోన్ ఎత్తడం లేదు.

మొత్తానికి బిగించాను. ఫలితం అమోఘం. మలుపులో యాక్సిలరేటర్ వదిలితే బయటి చక్రం లాకర్ పళ్ల మీదుగా దొర్లుతూ కటకటకటమంటుంది. తొక్కితే రెండు చక్రాలూ బిగుసుకుని టైరు కుయ్యోమంటుంది. సెల్లార్ నున్నటి గచ్చు మీద ఆ కూత ఐదో అంతస్తు దాకా వినిపిస్తుందని అసోసియేషన్ లిఖితపూర్వకంగా ధ్రువీకరించింది. సిగ్నళ్లు మూసేసి యూటర్న్‌లు తెరిచిన హైదరాబాద్‌లో ఇలాంటి బండి నడపడం దైనందిన తపస్సు. ఆఫీసుకి పదకొండు కిలోమీటర్లు, ఏడు యూటర్న్‌లు. బురద? దారిలో లేదు. వానాకాలంలో నీళ్లుంటాయి గానీ నీళ్లలో లాకరేం చేస్తుంది, పడవ కాదుగా.

ఆ లోటు తీర్చుకోవడానికే సంక్రాంతికి పశ్చిమ గోదావరిలో మా మేనమామ ఊరికి జీపేసుకుని వెళ్లాం. దాళ్వా నాట్ల రోజులు. చుట్టూ చేలల్లో దమ్ము చేస్తున్నారు. కనుమ మర్నాడు మా ఆవిణ్ణి ఎక్కించుకుని పుంతలోకి దిగాను. లాకర్ లేని బండి అయితే మొదటి గోతిలోనే ఆగిపోయి ఉండేది. నాది ఆగలేదు. మొదటిది దాటింది, రెండోది దాటింది. కాలవ పక్క బంకమట్టిలోకి, ఏ బండీ వెళ్లని చోటికి, సగర్వంగా వెళ్లి, అక్కడ రెండు వెనక చక్రాలూ ఒక్కమాట మీద తవ్వుకుంటూ దిగాయి. మామూలు బండి ఒక పక్కకి ఒరుగుతుంది. నాది మట్టంగా, టేబుల్ మీద పెట్టిన సత్తుగిన్నెలా, ఇరుసు బొడ్డు నేలకానేదాకా కూర్చుంది. ఆ సమానత్వం చూడ్డానికి రెండు కళ్లూ చాలవు.

మావయ్య పక్క చేలోంచి ట్రాక్టరు తోలుకొచ్చాడు. పాలేరు గొలుసు తగిలించాడు. గట్టు తడిగా ఉంది, లాగడం మొదలెట్టగానే ట్రాక్టరు కుడి చక్రం ఉన్నచోటే తిరిగింది. మావయ్య కిందకి కూడా చూడలేదు. సీటు పక్కనున్న చిన్న పెడల్ మీద మడమ ఆనించాడు. రెండు చక్రాలూ ఒక్కసారే నేలని కరిచాయి. జీపు పొట్ట కింద చప్పరించినట్టు చప్పుడైంది, పైకొచ్చేసింది.

"ఆ పెడలేంటి మావయ్యా?"

"లాకు."

"ఎక్కడ చేయించావు? ఎంతయింది?"

"చేయించడమేంట్రా? ట్రాక్టరుతోపాటే వచ్చింది. దమ్ములో అది లేకపోతే చక్రం కదులుద్దా?"

నేను నా లాకర్ సంగతంతా చెప్పాను. డల్లాస్, సూట్‌కేసు, స్ప్రింగు, చుక్కలు. మావయ్య శ్రద్ధగా విన్నాడు. చుట్ట ఆర్పి, చెవి మీద పెట్టుకుని అన్నాడు: "అంతా బాగానే ఉందిరా అబ్బాయ్. మలుపు దగ్గర కాలు తియ్యాలి మరి, లేకపోతే ఇరుసు విరుగుద్ది. నీదెలా వదులుతావు?"

"దానంతట అదే వదులుతుంది."

"ఎప్పుడొదలాలో దానికి తెలుసా?"

పాలేరు గొలుసు చుట్టుకుంటూ, "ఆయ్, బాగా తెలుసండి. సరిగ్గా ఇక్కడికొచ్చాకే వదిలేసింది" అన్నాడు.

వదలడం గురించి వాళ్లకున్న అపోహని తొలగించడానికి, పానాల సంచీ తీసుకురమ్మని మా ఆవిణ్ణి కేకేశాను. ఆవిడ అప్పటికే ట్రాక్టరు మడ్‌గార్డు మీదెక్కి, చెప్పులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.