పశ్చాత్తాపానికి వాయిదా

జైలు సేవకు అతి పెద్ద అడ్డంకి ఏమిటో మొన్నటి ఆగస్టు 15న తెలిసింది. గేటు దగ్గర ఫోన్లు తీసేసుకుంటారు. ఫొటో లేకపోతే సేవ చేసినట్టు సాక్ష్యం ఏముంది? ఆ మాట వినగానే మా బృందం అధ్యక్షులవారు నీరుగారిపోయారు. (మా బృందం అన్నాను. అవును, నేనూ వెళ్లాను.) చివరికి అరటి గెలలను గేటు ముందే పేర్చి, వెనక బ్యానరు కట్టి, ‘ఖైదీలకు పండ్ల పంపిణీ’ ఫొటో అక్కడే కానిచ్చేశారు. అందులో ఖైదీలు తప్ప అందరూ ఉన్నారు.

తర్వాత తనిఖీ. వార్డరు ఒక్కో అత్తాన్నీ తిప్పి చూసి, అనుమానం తగిలిన పండునల్లా కత్తితో నిలువునా చీల్చాడు.

“పండులో ఏముంటుందండీ?” అన్నారు మా కోశాధికారి.

“ఏమీ లేదని తేలాలి కదా.”

తేలింది. నిర్దోషి అని తేలేసరికి ఆ పండు దేనికీ పనికిరాకుండా పోయింది.

లోపల ‘పరివర్తన’ మీద గంటన్నర ఉపన్యాసం. వక్త గారు గీత చెప్పారు, వాల్మీకి పూర్వాశ్రమం చెప్పారు, తాము రోజూ నాలుగింటికే లేస్తామని కూడా చెప్పారు. నేల మీద వరసగా కూర్చున్నవారిని చూసి, గొంతు గద్గదమై, “చేసిన తప్పుకు పశ్చాత్తాపపడండి నాయనా” అన్నారు. మూడో వరసలో ఒక కుర్రవాడు లేచి వినయంగా అడిగాడు.

“అయ్యా, నా కేసు ఇంకా విచారణకు రాలేదు. పశ్చాత్తాపం ఇప్పుడే పడమంటారా, తీర్పు వచ్చాక పడమంటారా?”

వక్త గారు సమయాభావం వల్ల ప్రశ్నలు తీసుకోలేమన్నారు. సమయం లేనిది ఎవరికో!

ఆ కుర్రవాడు ఒక్కడే అయితే సరదాగా రాసి ఊరుకునేవాణ్ణి. జాతీయ నేర రికార్డుల సంస్థ 2022 లెక్కల్లో దేశంలోని ప్రతి నలుగురు ఖైదీల్లో ముగ్గురు విచారణ ఖైదీలే. 2024 జూలై నుంచి పాత సీఆర్‌పీసీ స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 479వ సెక్షన్ ఉంది. ఇంతకుముందు ఏ నేరానికీ శిక్ష పడనివాడు, ఇప్పుడు మోపిన నేరానికి పడే గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపలే గడిపితే బెయిలు ఇవ్వాలంటుంది. మరణశిక్ష, యావజ్జీవం పడే కేసులకూ, ఒకటికి మించి కేసులున్నవారికీ వర్తించదు. మిగిలినవారిలో అర్హులెవరో లెక్క తీయడానికి కావలసింది ఒక కాగితం, ఒక పెన్ను, నాలుగు కూడికలు. బెయిలు వచ్చినా పూచీకత్తు కట్టలేని పేదలకు డబ్బు సాయం చేసే కేంద్ర పథకం 2023లోనే వచ్చింది. ఆ దరఖాస్తు నింపిపెట్టే చెయ్యి మా పాతికమందిలో ఒక్కటీ లేదు. యాభై చేతులూ అరటిపండ్లకే సరిపోయాయి. సంగారెడ్డి పాత జైలులో ఒక రోజు ఖైదీగా ఉండి చూడటానికి 500 రూపాయల టికెట్టు పెట్టారు, 2016లో. డబ్బు కట్టి లోపలికి పోయే సరదా ఒకరిది, కట్టలేక లోపలే ఉండిపోయే ఖర్మ మరొకరిది. సిగ్గుండాలి మనకు. బిడ్డ ముఖం చూసుకోవడానికి కూలి మానుకొని వచ్చే తల్లుల ఎదుట పరివర్తన గురించి మాట్లాడటానికి మనమెవరం?

తిరిగి వస్తుంటే ములాఖత్ కిటికీ దగ్గర వరస. ఒకావిడ ఆధార్ కార్డు నలగకుండా కొంగున ముడి వేసుకొని నిలబడింది. ఇనుప వలకు అవతల కొడుకు, ఇటు ఈవిడ, మధ్యలో పది గొంతుల రొద. ఎవరు ఏమి చెప్పారో ఎవరికీ వినపడలేదు. ఆవిడ చిటికెన వేలు మాత్రం వలలో దూర్చి ఉంచింది. మిగిలిన పండ్లలో రెండు మా కోశాధికారి ఆవిడ చేతిలో పెట్టారు. “మావాడికి ఇవ్వవచ్చా అయ్యా?” అని వార్డరును అడిగింది.

“బయటి తిండి లోపలికి పోదమ్మా.”

బస్సులో సమీక్ష జరిగింది. వచ్చే ఏడాది బత్తాయిలు ఇద్దామన్నారు అధ్యక్షులవారు. అరటిపండ్లు ఫొటోలో నల్లగా పడ్డాయట.