గెలిచిన టీమే మూతపడితే ఎలా?

అమెరికాలో కార్ల రేసులు నడిపే సంస్థ నాస్కార్. దాని అగ్రశ్రేణి సిరీస్ అయిన కప్ చాంపియన్‌షిప్‌ను 2017లో గెలిచింది ఫర్నిచర్ రో రేసింగ్. డెన్వర్‌లో ఉండే ఒంటరి టీమ్ అది. మరుసటి ఏడాది కూడా దాని డ్రైవర్ మార్టిన్ ట్రూఎక్స్ జూనియర్ రెండో స్థానంలో నిలిచాడు. ఆ 2018 సీజన్‌తోనే టీమ్ మూతపడింది! 5-అవర్ ఎనర్జీ అనే స్పాన్సర్ తప్పుకుంది, ఆ లోటు భర్తీ చేసేవాళ్లు దొరకలేదు. కప్పు గెలిచినవాళ్లకే ఈ గతి పట్టిందంటే, తప్పు టీమ్‌ది కాదు, డబ్బు పంచే పద్ధతిది.

చాలామంది టీములు ప్రైజ్ మనీతో బతుకుతాయనుకుంటారు. నిజానికి వాటి ఖర్చులో ఎక్కువ భాగం వచ్చేది కారు మీద కనిపించే ఆ లోగోల నుంచే. అసలు పెద్ద డబ్బు టీవీ హక్కులది. 2025 నుంచి ఏడేళ్లకు 7.7 బిలియన్ డాలర్ల ఒప్పందం. దాని ముందు ఒప్పందంలో ట్రాక్‌లకు 65 శాతం, నాస్కార్‌కు 10 శాతం వెళ్తే, కార్లు తయారుచేసి, డ్రైవర్లకు జీతాలిచ్చి, ప్రతి వారం పందెంలోకి దిగే టీములకు దక్కింది 25 శాతమే. పైగా డేటోనా, టాలడేగా లాంటి చాలా ట్రాక్‌లు నాస్కార్ సొంతం. అంటే ఒకే ఇంటికి రెండు వైపుల నుంచి డబ్బు. ఇది నాకు అన్యాయంగానే కనిపిస్తుంది.

2016లో చార్టర్లు వచ్చాయి. మన ఊళ్లో బస్సుకు రూట్ పర్మిట్ లాంటిదే చార్టర్. అది ఉంటే ప్రతి రేసులో చోటు ఖాయం, ఆదాయంలో వాటా ఖాయం. మొత్తం 36 ఉన్నాయి. ఫర్నిచర్ రో చార్టర్ దాదాపు 6 మిలియన్ డాలర్లకు అమ్ముడుపోయిందని, 2023లో ఇంకొకటి 40 మిలియన్ల దాకా పలికిందని వార్తలొచ్చాయి. ఇంత విలువైనదానికి అప్పట్లో శాశ్వత హక్కు మాత్రం ఉండేది కాదు. 2024లో నాస్కార్ ఇచ్చిన కొత్త చార్టర్ ఒప్పందం మీద చాలా టీములు సంతకం పెట్టాయి. బాస్కెట్‌బాల్ దిగ్గజం మైఖేల్ జోర్డాన్, రేసు డ్రైవర్ డెనీ హామ్లిన్‌ల టీమ్ 23ఎలెవెన్, బాబ్ జెన్కిన్స్ టీమ్ ఫ్రంట్ రో మాత్రం పెట్టకుండా కోర్టుకెక్కాయి. 2025 డిసెంబరులో నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో విచారణ సగంలో ఉండగానే రాజీ కుదిరి, చార్టర్లు శాశ్వతమయ్యాయి. ఆ రెండు టీముల మొండితనం వల్ల సంతకం పెట్టినవాళ్లు కూడా బాగుపడ్డారు.

ఇంకొకటి మిగిలిపోయింది. 2015లో నాస్కార్‌లో అతి పెద్ద రేసైన డేటోనా 500 గెలిచిన జోయీ లొగానో కారుకు 1.5 మిలియన్ డాలర్లకు పైగా వచ్చిందని అందరికీ తెలుసు. చార్టర్లు వచ్చాక ఏ స్థానానికి ఎంత అన్నది చెప్పడం మానేశారు. 2025 డేటోనా 500 మొత్తం ప్రైజ్ 30 మిలియన్లు దాటిందని ప్రకటించారు, గెలిచిన విలియం బైరన్ కారుకు అందులో ఎంతో చెప్పలేదు. డ్రైవర్‌కు జీతం, ప్రైజ్‌లో కొంత శాతం ఉంటాయి కానీ ఆ లెక్కలూ గుట్టే. కింది సిరీస్‌లలో సీటు కోసం కుర్రాళ్లే స్పాన్సర్‌ని వెంటబెట్టుకు రావాల్సి వస్తోంది.

షార్లెట్, కాంకర్డ్ వైపు మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్ల పిల్లల్లో ఎవరికైనా రేసింగ్ మీద మనసుపడితే, ఆ తల్లిదండ్రులు ముందు అడిగేది ఇందులో సంపాదన ఎంత అనే. 2015 వరకూ ప్రతి రేసు తర్వాత ఇచ్చిన ఆ లెక్కలనే నాస్కార్ మళ్లీ ఇవ్వాలి.