పద్నాలుగు శాలువాలు, ఒక ప్రశ్న

మొన్న ఒక జిల్లా కేంద్రంలో ఉచిత న్యాయ సహాయం చేసే వకీళ్లకు ఒకరోజు శిక్షణ అంటే, చూసి తరిద్దామని వెళ్లాను. సీనియర్లు జూనియర్లను చేయి పట్టి నడిపిస్తారని ఫ్లెక్సీ మీద రాసుంది.

పదింటికన్న సభ పదకొండున్నరకు జ్యోతి ప్రజ్వలనతో మొదలైంది. ఫ్యాన్ వేస్తే ఒత్తికి గండం, ఆపితే ముఖ్య అతిథికి చెమట. చివరికి ఇద్దరు అటెండర్లు ఫ్లెక్సీ విప్పుకొచ్చి గాలికి అడ్డం పట్టారు. ఆ రోజు ఆ ఫ్లెక్సీ వల్ల జరిగిన మేలు అదొక్కటే. తర్వాత శాలువాలు. వేదిక మీద పద్నాలుగు మంది, కింద పదకొండు మంది. ఒకటి తక్కువ పడితే, మొదటి పెద్దాయనకు కప్పిందే మడిచి పద్నాలుగో ఆయనకు కప్పారు. ఉచిత న్యాయ సహాయం గురించి చెప్పే 39-ఎ అధికరణ 1976లో రాజ్యాంగంలోకి వచ్చిందని ఏడుగురు చెప్పారు. భోజనాల వేళకు నాకు కంఠతా వచ్చేసింది.

అప్పుడొక అమ్మాయి లేచింది. "సార్, జైల్లో క్లయింట్‌తో మాట్లాడటానికి అరగంట కూడా దొరకట్లేదు. కేసు కాగితాలు వాయిదా రోజే చేతికొస్తున్నాయి. ఏం చేయమంటారు?"

"పట్టుదల ఉండాలమ్మా" అన్నారు సీనియర్ గారు. పప్పుచారు చల్లారిపోతోందని కూడా గుర్తుచేశారు.

పట్టుదలట! 2013లో మధ్యప్రదేశ్‌లోని ఖాండ్వాలో, చిన్నపిల్లపై అత్యాచారం, హత్య కేసులో ఒక పేదవాడికి వకీలును ఇచ్చిన రోజే అభియోగాలు ఖరారు చేశారు. రెండు వారాల్లో ఉరిశిక్ష వేశారు. 2019లో సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసి, కేసు మళ్లీ విచారించమని, ఇలాంటి కేసుల్లో పదేళ్ల అనుభవమున్న వకీలును పెట్టండి, సిద్ధం కావడానికి కనీసం ఏడు రోజులివ్వండి అని చెప్పాల్సి వచ్చింది. మనింట్లో పెళ్లికి వంటమనిషికి నెల ముందు చెబుతాం! అతను నిర్దోషి అని తేలేసరికి 2024 వచ్చింది. పదకొండేళ్లు. ఎవరిస్తారండీ అవి తిరిగి?

2022 చివరికి దేశంలోని ఖైదీలు 5.73 లక్షలు. అందులో 4.34 లక్షల మంది విచారణ ఖైదీలే. ఆ ఏడాది నుంచే జిల్లాల్లో పేద నిందితుల తరఫున వాదించే పూర్తికాలపు డిఫెన్స్ కౌన్సెల్ (వకీళ్ల) ఆఫీసులు వస్తున్నాయి, సంతోషం. కానీ ఆ అమ్మాయి పక్కన కూర్చుని, సాక్షిని ఎలా అడగాలో ఒక్క కేసులో చూపించే సీనియర్ ఏడీ? శాలువా కప్పించుకోవడానికైతే పద్నాలుగు మంది!

సాయంత్రం ఆమెకు సర్టిఫికెట్ ఇచ్చారు. పేరు తప్పు పడింది. దిద్దించుకోవడానికి సోమవారం రమ్మన్నారు. సోమవారం ఆమెకు వాయిదా ఉంది.