నెల్లూరు వైపు మల్లెకు నవంబరు కత్తిరింపు కుదరదు

మేడ మీద కుండీల్లో మల్లె పెంపకం గురించి మీ వ్యాసంలో బాగా రాశారు. నవంబరులోనే కొమ్మలు కత్తిరించమన్నది మాత్రం మా వైపు పనికిరాదండీ. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో మాకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే. కత్తిరింపుకు ముందు నీళ్లు ఆపి మొక్కను కాస్త ఎండగట్టాలి కదా, పైన వాయుగుండం ఉంటే నీళ్లు ఆపేదెలా? అందుకే మేం వానలు వెనక్కి తగ్గాక, సంక్రాంతికి కాస్త అటూ ఇటూగా ఆకు దూసి, మోకాలెత్తున కత్తిరిస్తాం. తర్వాత మాగిన పశువుల ఎరువు వేసి నీళ్లు పెట్టడమే. మల్లె పూసేది కొత్త చిగుళ్ల మీద. కత్తిరించకుండా వదిలేసి యూరియా వేస్తూ పోతే ఆకు కూర మడిలా తయారవుతుంది, పూలుండవు.

బోరు నీళ్ల సంగతి మీరు ఎత్తనేలేదు. తీరం దగ్గర చాలా ఊళ్లలో అవి ఉప్పన. అలాంటి నీళ్లు పోసే మొక్కకు లేత ఆకుల్లో ఈనెలు ఆకుపచ్చగానే ఉండి మధ్య భాగం పసుపైతే అది ఇనుము లోపం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పూట చల్లాలి, వారం ఆగి మళ్లీ ఒకసారి. వాన నీళ్లు పట్టి పెట్టుకునే వీలుంటే ఇంకా మంచిది.

మొగ్గ తొలిచే పురుగుకు వేపనూనె అన్నారు, సరే. ముందు ఊదా రంగుకు తిరిగిన మొగ్గలన్నీ తుంచి దూరంగా పారేయండి, లోపలున్న పురుగుకు పైన కొట్టిన మందు తగలదు.